డప్పు కిందుంటేనే బాగుంటుందన్నాను

నరసరావుపేటలో మాకు పురుగుమందుల కొట్టు ఉంది. కౌంటర్ వెనక కూర్చుని, ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, రెండో చెవి రైతులకు వదిలేసి బతుకుతుంటాను. మిర్చికి తామరపురుగు పట్టింది, ఏం కొట్టమంటావని ఎవరైనా అడిగితే సీసా తీసిచ్చి, మోతాదు చెప్పి, రెండు ముక్కల్లో పంపేస్తాను. అదే హైదరాబాద్‌లో ఎవరో నలుగురు అద్దె గదిలో రికార్డు చేసి నెట్‌లో పెట్టిన పాటలో, రెండో చరణం దగ్గర బేస్ ఎందుకు తగ్గిందో అడగండి, గంట చెబుతాను. అడక్కపోయినా చెబుతాను. మా ఆవిడ పెళ్ళయిన మొదటి నెలలోనే ఈ సంగతి కనిపెట్టి, ఆ టైముకి వంటింట్లోకి వెళ్ళిపోవడం అలవాటు చేసుకుంది.

నెట్‌లో నాకో పేజీ ఉంది. సినిమాలతో పని లేకుండా సొంతంగా పాటలు కట్టుకుని పాడుకునే తెలుగు బ్యాండ్ల గురించి అందులో రాస్తుంటాను. చదివేవాళ్ళు మరీ ఎక్కువమంది లేరు గానీ, చదివేవాళ్ళంతా ఆ బ్యాండ్ల వాళ్ళే, వాళ్ళను పిలిచి ప్రోగ్రాములు పెట్టించేవాళ్ళే. అందుకని నా మాటకి నా మొహానికి మించిన విలువ వచ్చింది. ఆ విలువ నా తలకి బాగా ఎక్కింది కూడా.

బ్యాండ్ల గురించి నా సిద్ధాంతం ఇది. మొదటి ఆల్బంలో గదిలో తిరిగే ఫ్యాను చప్పుడు వినపడుతుంది, పక్కింటి కుక్కర్ విజిల్ వినపడుతుంది, పాడేవాడికి ఏదో చెప్పెయ్యాలన్న తొందర వినపడుతుంది. రెండో ఆల్బం నాటికి ఎవరో మంచి స్టూడియో ఇప్పిస్తారు. ఫ్యానూ పోతుంది, కుక్కరూ పోతుంది, వాటితో పాటు ఆ తొందర కూడా పోతుంది. మూడో ఆల్బం నాటికి గాయని నిద్రలో కలవరిస్తున్నట్టు పాడుతుంది. పాటలో బాగున్న ముక్క రీల్‌కి సరిపోయేలా ముందే కోసి ఉంచుతారు, మిగతాదంతా ఆ ముక్కకి కాపలా. మధ్యలో ఒక ఏడాది అందరికీ ఒక్కసారిగా జానపదం గుర్తొస్తుంది. గొంగడి కప్పుకుని ఫొటోలు దిగుతారు. మరుసటి ఏడాది గొంగడి పోయి నల్లకళ్ళద్దాలొస్తాయి.

ఈ మాటల్లో సగం ఇప్పటికీ నిజమేననుకుంటాను. కానీ ఒకే బ్యాండ్ మీద నేను చెప్పిన రెండు అభిప్రాయాలున్నాయి. వాటిని తలుచుకుంటే కౌంటర్ కింద దూరాలనిపిస్తుంది. మొదటిది నోటితో చెప్పాను, అది అబద్ధమని తెలిసే చెప్పాను. రెండోది పేజీలో రాశాను, నిజమని నమ్మే రాశాను. రెండూ ఒకే మనిషికి తగిలాయి. మొదటిది అతని చేతిలోంచి అతని వాద్యాన్ని పడగొట్టింది.

అతనిది మా ఊరే, నరసరావుపేట దగ్గర పల్లె. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఒకే క్లాసు. మా ఊళ్ళో కాలనీ అంటే ఏ కాలనీ అని ఎవరూ అడగరు, అది ఎస్సీ కాలనీయే. మా ఇంటి నుంచి నడిస్తే పది నిమిషాలు. అతని తండ్రి ఊరికి డప్పు పెద్ద. పెళ్ళికీ చావుకీ జాతరకీ ముందు నడిచేది ఆయనే. చిన్నప్పటి నుంచీ ఆ డప్పు నా చెవుల్లో పడుతూనే ఉంది, కానీ నేను వినలేదు. ఊళ్ళో ఎవరో పోయారనో, తిరునాళ్ళకి ప్రభ కదిలిందనో కబురుగా తీసుకున్నాను తప్ప అదొక సంగీతం అనుకోలేదు. అది సంగీతమని నాకు హైదరాబాద్‌లో తెలిసింది. చదువు పేరుతో అక్కడ తిరుగుతున్నప్పుడు ఒక కాఫీ హోటల్ మేడ మీద ఏదో బ్యాండ్ వాయిస్తోందంటే వెళ్ళాను. గిటార్ ఒకటి, బేస్ ఒకటి, పాడే అమ్మాయి ఒకరు, వాళ్ళ మధ్యలో మెడకి డప్పు తగిలించుకుని మా క్లాసువాడు.

ఐదేళ్ళు ఒకే బడిలో ఉన్నా మేం మాట్లాడుకున్నది తక్కువ. ఆ సాయంత్రం మాత్రం వదల్లేదు. వాళ్ళు నలుగురూ ఉండే ఫ్లాట్‌కి వెళ్ళి, తర్వాత కొన్నేళ్ళు వెళుతూనే ఉన్నాను. డప్పు తోలు బిగియాలంటే సెగ తగలాలి. ఊళ్ళో అయితే చితుకులు పోగేసి మంట పెడతారు. ఫ్లాట్‌లో గ్యాస్ పొయ్యి మీద తిప్పుతూ కాచేవాడు. ఆ వాసనకి పాడే అమ్మాయి కిటికీలన్నీ తెరిచేది. అక్కడ అతను నన్ను ‘మావా’ అనేవాడు. మా ఊరొస్తే మాత్రం ఏమీ అనేవాడు కాదు. పిలవాల్సిన అవసరం రాకుండా చూసుకునేవాడు. అది నేను గమనించాను, గమనించి వదిలేశాను.

వాళ్ళ మొదటి ఆల్బం వచ్చినప్పుడు ఆకాశానికెత్తుతూ రాశాను. పల్నాడు మట్టి వాసన అన్నాను. ఆ రాత బాగా తిరిగింది. దాన్ని చూసే వాళ్ళకి విజయవాడలో, గుంటూరులో ప్రోగ్రాములు వచ్చాయని అమ్మాయి చెప్పింది. అతను మాత్రం ఫోన్‌లో ఆ పోస్ట్ పైకీ కిందకీ జరుపుతూ అడిగాడు.

“మట్టి వాసన అంటే ఏంది మావా? మాకు పొలం లేదు గదా.”

నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత నాన్నకి చేతకాక కొట్టు చూసుకోవడానికి నరసరావుపేట వచ్చేశాను. పేజీ పెరిగింది, నా గొప్పా పెరిగింది. ఆ గొప్పలోంచే పుట్టింది బ్యాండ్‌ని మా ప్రభ మీదకి తీసుకురావాలన్న ఆలోచన. కోటప్పకొండ తిరునాళ్ళకి ఏటా మా ఊరు ప్రభ కడుతుంది. పూర్వం అంతా వెదురే, ఇప్పుడు ఇనుప చట్రం. తాటిచెట్లను దాటి పైకి లేస్తుంది, ఒళ్ళంతా రంగు దీపాలు, నడుమ స్వామి పటం, అడుగున స్టేజి. స్టేజి మీద ఆర్కెస్ట్రా, ప్రభకి ముందు నేల మీద డప్పులు. పక్కూరి ప్రభ కంటే మనది ఒక్క అడుగైనా ఎత్తుండాలి, వాళ్ళ ఆర్కెస్ట్రా కంటే మనది గట్టిగా మోగాలి. ఈ విషయంలో మా ఊళ్ళో పార్టీలు కూడా ఉండవు, అందరిదీ ఒకే మాట.

కమిటీ పెద్ద మా పెదనాన్న. ఆయనకి చెబితే, “టీవీలో వచ్చారంట్రా వాళ్ళు?” అన్నాడు.

“టీవీ ఎవరు చూస్తున్నారు పెదనాన్నా, ఫోన్లో వస్తారు.”

“ఐతే పిలువు. పక్కూరోళ్ళకి తెలియాలి మన సంగతి.”

నెలరోజులు ఎగిరెగిరి పడ్డాను. పేజీలో రాశాను. ఒక ఇండీ బ్యాండ్ కోటప్పకొండ ప్రభ ఎక్కడం ఇదే మొదటిసారి కావచ్చునని రాశాను. అతను ఫోన్ చేసి, “నిజంగా మనూరి ప్రభ మీదనా?” అని రెండుసార్లు అడిగాడు. వాళ్ళ నాయనకి చెబితే నమ్మలేదట. గొంతులో ఆ సంతోషం ఇప్పటికీ నాకు గుర్తుంది. గుర్తులేకపోతే బాగుండేది.

శివరాత్రి రోజు మధ్యాహ్నం బ్యాండ్ వాళ్ళ వ్యాను ఊళ్ళోకి వచ్చింది. మిగతా ముగ్గురూ మా ఇంట్లో భోజనాలకి కూర్చున్నారు. అతను కాలనీకి వెళ్ళి తింటానని వెళ్ళాడు. ప్రభ దగ్గర పెదనాన్న నన్ను పక్కకి పిలిచాడు.

“డప్పు ఎవురు కొడతారంట?”

“మనూరివాడే పెదనాన్నా.”

“మనూరివాడంటే?”

అతని తండ్రి పేరు చెప్పాను. పెదనాన్న కోప్పడలేదు. కోప్పడితే నాకు కాస్త తేలికయ్యేదేమో. భుజం మీద చెయ్యి వేసి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు.

“డప్పు ప్రభ ముందర నడుస్తదిరా. ప్రభెక్కుద్దా ఏంది? నేనేమన్నా వాడిని రావొద్దన్నానా? కింద వాళ్ళ నాయన పక్కన కొట్టమను. కొత్త బట్టలు పెట్టిద్దాం. చదువుకున్నోడివి, ఈ ఒక్కరోజు ఎవురితోనూ మాట రానీబాక.”

ఆర్కెస్ట్రా వాళ్ళ తబలా ఏటా స్టేజి మీదే ఉంటుంది, అదీ తోలేనన్న మాట నా నోటి చివరి దాకా వచ్చింది. అక్కడే ఆగింది. తోలు సంగతి కాదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఐతే బ్యాండ్‌నే వెనక్కి పంపేద్దామని అనొచ్చు. అలా అంటే నెలరోజులు పేజీలో ఎగిరినదంతా గంగలో కలుస్తుంది. మా ఊరి సంగతి బయటివాళ్ళకి తెలుస్తుంది. నా పరువు, ఊరి పరువు, ఇవే ఆలోచించాను. అతని సంతోషం గురించి ఆ క్షణంలో ఆలోచించనేలేదు. సరే పెదనాన్నా అన్నాను.

అతను భోజనం చేసి వచ్చాడు. ఇస్త్రీ చేసిన నల్లచొక్కా వేసుకున్నాడు. డప్పు సంచిలో ఉంది. పాడే అమ్మాయి అప్పటికే స్టేజి మీద మైకులు సర్దుకుంటోంది. ఉన్నమాట చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు. అప్పుడు నా నోట్లోంచి నా విద్య బయటికొచ్చింది.

“మావా, నేనొకటి ఆలోచించా. నువ్వు పైన కొడితే సౌండ్ చెడిపోద్ది.”

“ఎందుకు?”

“మైకులన్నీ ఓపెన్‌గా ఉన్నాయి. డప్పు వాటన్నిటిలోకీ దూరుద్ది. ఆ అమ్మాయి గొంతు మునిగిపోద్ది. పైగా చుట్టూ ఇనుప చట్రం, గుయ్యిమంటది. అసలు డప్పు నేల మీద, బయట గాలిలో వినాల్సింది. నడుస్తా కొడితేనే దాని అందం. కిందుంటేనే బాగుంటది.”

పైనుంచి అమ్మాయి విన్నది. “ఇన్నాళ్ళూ స్టేజి మీదే వాయించాం కదా? ఒక్కసారి సౌండ్ చెక్ చేసి చూద్దామా?” అంది.

“టైం లేదు,” అన్నాను. టైం బోలెడుంది. ప్రభ కదలడానికి ఇంకా రెండు గంటలుంది.

అతను నా మొహంలోకి చూశాడు. “అంతేనంటావా?”

“అంతే మావా. నన్ను నమ్ము.”

అతను తలూపి, సంచి భుజానికి వేసుకుని, డప్పుల వాళ్ళు మంట వేసుకున్న చోటికి నడిచాడు. వాళ్ళ నాయన అక్కడ డప్పు కాచుకుంటున్నాడు. కొడుకుని చూసి ఏదో అడిగాడు, అతను ఏదో గట్టిగా చెప్పాడు. దూరం నుంచి మాటలు వినపడలేదు. నాకు అర్థమైపోయింది, అతనికి నా అబద్ధం తెలిసిపోయింది, తెలిసే వెళ్ళిపోయాడు అనుకున్నాను. ఆ ఊహే నాకు ఊరటనిచ్చింది. నేను చెప్పకుండానే అతను అర్థం చేసుకున్నాడు, ఇంకేం గొడవ లేదనుకున్నాను. ఎంత నీచమైన ఊరటో చూడండి.

స్టేజి మీద తాళానికి ఆర్కెస్ట్రాలో రిథమ్ ప్యాడ్ వాయించే ఆయన్ని అప్పటికప్పుడు కూర్చోబెట్టాం. ప్రభ కదిలింది. నేను స్టేజి మీద, జనరేటర్ పక్కన, నిర్వాహకుడి హోదాలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. అతను కింద దుమ్ములో, పది డప్పుల వరసలో నల్లచొక్కాతో నడిచాడు. తిరునాళ్ళ అయ్యాక ఇంటికొచ్చి పేజీలో రాశాను. ‘డప్పు తన చోటికి తాను తిరిగొచ్చిన సాయంత్రం’ అని పేరు పెట్టాను. నేల మీద డప్పు మోగిన తీరుని రెండు పేరాలు పొగిడాను. ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. చాలామంది అద్భుతం అన్నారు.

ఏడాదిన్నర తర్వాత వాళ్ళ కొత్త ఆల్బం వచ్చింది. అందులో డప్పు లేదు. ఒక్క పాటలో కూడా లేదు. తాళమంతా మిషన్. పొడిపొడిగా, టిక్కుటిక్కుమంటూ, మధ్యలో ఎక్కడో గాజు పగిలినట్టు చప్పుళ్ళు. నాకు ఒళ్ళు మండింది. కొట్లో రైతులు నిలబడి ఉండగానే ఫోన్‌లో రాయడం మొదలుపెట్టాను. ఉతికి ఆరేశాను. ‘మట్టిని వదిలేసి మిషన్‌ని పట్టుకున్నారు. ఎవడో ఏసీ గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వేలితో మీటలు నొక్కాడు. ఈ తాళంలో చెమట లేదు. చేతులు లేని మనిషి వాయించినట్టుంది.’ ఈ చివరి వాక్యం మీద నాకు భలే ముచ్చటేసింది. దాన్ని విడిగా ఇంకోసారి పోస్ట్ చేశాను కూడా.

ఆ రాత ముందటి వాటన్నిటి కంటే ఎక్కువ తిరిగింది. తిట్టు పొగడ్త కంటే త్వరగా పాకుతుందని నాకు ముందే తెలుసు. బ్యాండ్ ఏ ఫొటో పెట్టినా కింద ‘డప్పు ఏదీ?’ అని కామెంట్లు మొదలయ్యాయి.

వారం తర్వాత పాడే అమ్మాయి ఫోన్ చేసింది. మధ్యాహ్నం, కొట్లో ఎవరూ లేరు.

“ఆ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ‘ఎవడో’ ఎవరో నీకు తెలుసా?” అంది.

అతనే. డప్పు పక్కన పెట్టి, ఎవరి దగ్గరా నేర్చుకోకుండా, ఏడాదిపాటు రాత్రనక పగలనక కూర్చుని ఆ చప్పుళ్ళన్నీ తనే కట్టాడు. గాజు పగిలినట్టుందని నేను వెక్కిరించింది వాళ్ళ ఫ్లాట్‌లో గ్లాసుల మీద చెంచాతో కొట్టి రికార్డు చేసిందట.

“చేతుల్లేవని రాశావు. వాడు చదివి రెండు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. ఇప్పుడు ప్రోగ్రాములకి పిలిచేవాళ్ళంతా డప్పుంటేనే రమ్మంటున్నారు. తలపాగా చుట్టుకుని పంచె కట్టుకుని వాయిస్తే ఇంకా బాగుంటుందట. నీ రాత చూపించి అడుగుతున్నారు.”

ఆమే మళ్ళీ, “డప్పు మాత్రం ఎందుకో ముట్టనంటున్నాడు. కారణం మాకూ చెప్పడు,” అంది.

కారణం నాకు తెలుసనుకున్నాను. ప్రభ రోజు జరిగిన అవమానమే అనుకున్నాను. ఆ మాట ఆమెకి చెప్పొచ్చు. చెప్పకుండా ఫోన్ పెట్టేశాను. పోస్ట్ తీసేశాను. తీసేస్తే అయిపోయేదైతే ఇదంతా రాసేవాణ్ణి కాదు.

అతను చెల్లెలి సీమంతానికి ఊరొచ్చాడని తెలిసి ఒక ఆదివారం ఉదయం కాలనీకి వెళ్ళాను. నాకు ముప్పై నాలుగేళ్ళు. పది నిమిషాల దూరంలో ఉన్న ఆ ఇంటికి వెళ్ళడం అదే మొదటిసారి. పంచలో నులకమంచం మీద ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, మెడలో హెడ్‌ఫోన్ ఉంది. నన్ను చూసి లేచి, లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. వాళ్ళమ్మ గుమ్మంలో నిలబడి, “టీ తాగుతారా బాబూ?” అని అడిగింది. తాగనేమోనన్న అనుమానం ఆ గొంతులో ఉంది. తాగుతానన్నాను. తాగాను. తాగుతున్నంతసేపూ ఇదేదో ఘనకార్యం చేస్తున్నట్టు లోపల ఒక మూల అనుకుంటూనే ఉన్నాను. సిగ్గు అంతా ఖర్చయిపోయిందనుకున్నప్పుడు కూడా నా దగ్గర ఇంకా ఇలాంటిది మిగిలే ఉంటుంది.

“పోస్ట్ తీసేశాను,” అన్నాను.

“చూశా. ఎందుకు తీశావు?”

“నువ్వు చేశావని తెలీదు.”

“తెలిస్తే బాగుందని రాసేవోడివా? అట్ట రాస్తే ఇంక నీ మాటకేం విలువుంటది మావా?” అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అన్నాడు. “నచ్చలేదు, నచ్చలేదని రాశావు. నాకూ అందులో రెండు పాటలు నచ్చలా. చేతుల్లేవన్నదే కొంచెం ఇదనిపించింది.”

కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. అసలు సంగతికి రావాలి.

“డప్పు ఎందుకు వదిలేశావు?”

అతను ఆశ్చర్యంగా చూశాడు. “నువ్వే గదా చెప్పింది.”

“నేనా?”

“ప్రభ రోజు. అన్ని మైకుల్లోకీ దూరుద్దని, ఆ పిల్ల గొంతు మునిగిపోద్దని చెప్పలా? అంతకుముందు నాకెప్పుడూ అట్ట అనిపించలా. నువ్వు చెప్పినాక నాకు అదే వినపడతా ఉంది. హైదరాబాద్ పోయి మైకు దూరం పెట్టి చూశా, దుప్పటి కప్పి చూశా, పక్క గదిలో కూర్చుని కొట్టి చూశా. ఎట్ట కొట్టినా ఆ పిల్ల పాట మీద పడతన్నట్టే ఉంది. చానా రోజులు చూసి, ఇంక లాభం లేదు, నా వల్ల బ్యాండ్ చెడిపోతందని పక్కన పెట్టేశా. మిషన్ నేర్చుకున్నా. ఎవురికీ చెప్పలా. ఏమని చెప్తాం, మా డప్పు పాటకి పనికిరాదనా?”

అతను ల్యాప్‌టాప్ మూస్తూ, కొంచెం గొంతు తగ్గించి అన్నాడు.

“మా నాయన ఆ రోజే అన్నాడు. సౌండూ లేదు గీండూ లేదు, నిన్ను ఎక్కనీరురా, అంతే అన్నాడు. నేను అందరి ముందరా ఆయన మీద అరిచా. నీకు ప్రతిదీ అట్టనే కనపడుద్ది, అతను మ్యూజిక్ తెలిసినోడు, నాకు అబద్ధం చెప్పాల్సిన పనేముంది అన్నా. అప్పట్నుంచి మా ఇద్దరికీ సరిగా మాటల్లేవు. ఇప్పుడు గూడా చెల్లెలి కోసం వచ్చా.”

ఇన్నాళ్ళూ అతనికి తెలుసనుకుని బతికాను. తెలిసి క్షమించాడో, తెలిసి పగబట్టాడో అనుకున్నాను. అతను నన్ను నమ్మాడు. తండ్రిని కాదని నన్ను నమ్మాడు. ఆ క్షణంలో లేచి వెళ్ళిపోవచ్చు. మళ్ళీ ఒకసారి ‘అంతే మావా’ అనేస్తే సరిపోతుంది, అతనికి నొప్పి ఉండదు, నాకూ ఉండదు. ఆ ఆలోచన నాకు వచ్చిందని కూడా ఇక్కడ రాయాలి.

“మీ నాయన చెప్పిందే నిజం,” అన్నాను. “పెదనాన్న నిన్ను ఎక్కించొద్దన్నాడు. నేను ఎదురు చెప్పలేదు. నీకు చెప్పడానికి ముఖం చెల్లక సౌండ్ అని చెప్పా. అందులో ఒక్క ముక్క నిజం లేదు.”

వీధిలో ఎవరో మోటార్ సైకిల్ కడుగుతున్నారు. తిడతాడనుకున్నాను, కాలర్ పట్టుకుంటాడనుకున్నాను, పట్టుకుంటే బాగుండని కూడా అనుకున్నాను.

“అంటే డప్పు వల్ల పాటకేం ఇబ్బంది లేదా?” అన్నాడు.

“లేదు.”

“ఆ రోజు కింద ఎట్టా మోగింది? నువ్వు రాశావు గదా, రెండు పేరాలు.”

దీనికి అబద్ధం చెప్పే ఓపిక నాలో లేదు. “నాకు వినపళ్ళేదు,” అన్నాను. “నేను జనరేటర్ పక్కన ఉన్నా.”

అతను నా వైపు అదోలా చూశాడు. అప్పటిదాకా లేని దూరం ఆ చూపులోకి వచ్చింది. మెడలోంచి హెడ్‌ఫోన్ తీసి మంచం మీద పెట్టి, ఇంటి పక్కకి తిరిగి పిలిచాడు.

“నాయనా, ఇట్రా ఒకసారి. ఈయన నీకేదో చెప్తాడంట.”

దొడ్లోంచి ఆయన వచ్చాడు. నన్ను చూడగానే అలవాటుగా భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను లేచి నిలబడ్డాను. పెదనాన్న అన్న మాట, నేను ఒప్పుకున్న మాట, ఆయన కొడుక్కి చెప్పిన అబద్ధం, అన్నీ వరసగా చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన నేల వైపే చూశాడు. నేను చెప్పినవేవీ ఆయనకి కొత్త కాదు. ఆ మొహంలో ఆశ్చర్యం ఏమాత్రం కనపడలేదు.

నేను ముగించాక ఆయన తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకుని, కొడుకు వైపు తిరిగాడు.

“తిన్నావంట్రా పొద్దున?”

“లేదు నాయనా.”

“రా మరి. నేనూ తినలా.”

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. నన్ను కూర్చోమనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. లోపల కంచాలు పెడుతున్న చప్పుడు వినపడేదాకా అక్కడే నిలబడి, వచ్చేశాను.